గాలి చాలన్న పిల్ల

బావకి,

మధురవాడ నుంచి నీ సన్యాసమ్మ రాస్తున్నాను. నువ్వు అడగకపోయినా ముందు చెప్పాల్సింది చెబుతాను. మనవరాలు బాగుంది. పాలు తాగుతోంది. తాగాక ఎక్కిళ్ళు వస్తున్నాయి. ఎక్కిళ్ళు మంచివే అంటున్నారు గానీ నాకు నమ్మకం లేదు. నువ్వు బీపీ బిళ్ళ వేసుకుంటున్నావో లేదో, గ్యాసు కట్టేసి పడుకుంటున్నావో లేదో అని అదొక భయం. కూర్మన్నపాలెంలో నువ్వు, ఇక్కడ కూతురింట్లో నేను, మధ్యలో ఊరంతా ఉంది. ఫోను చేస్తే నీకు వినపడదు. స్టీలు ప్లాంటువాళ్ళ ఆక్సిజన్ మిషన్ల పక్కన నిలబడి నిలబడి నీ చెవులు ప్లాంటుకే ఇచ్చేసి వచ్చావు. అందుకని నా ఐదో తరగతి చదువుతో పెద్ద పెద్ద అక్షరాలు రాస్తున్నాను. హిమబిందు దీన్ని ఫోటో తీసి నీ ఫోనులోకి పంపుతానంది. చదవకుండా తియ్యమన్నాను. చదువుతుంది. చదవనీ, దాని కాన్పు సంగతేగా.

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను బావా. ఇది చెప్పడానికే కూర్చున్నాను.

నువ్వు అలిగి బస్సెక్కి వెళ్ళిపోయినంత మాత్రాన పెడతాననుకోకు. పెళ్ళయిన నాటి నుంచి నీ మాటకి నేను ఎదురు చెప్పింది తక్కువ. చెప్పినవి నీకు వినపడలేదు. ఈసారి రాసి చూపిస్తున్నాను కాబట్టి వినపడలేదనడానికి లేదు. అల్లుడి పెదనాన్న శ్రీనివాసరావు అన్నయ్యగారు ఫిర్యాదు రాయించారు. నర్సు గజాలా మన పిల్లకి ఆక్సిజన్ పెట్టలేదనీ, బయట నువ్వు సిలిండరు పట్టుకుని నిలబడితే మొహం మీద తలుపు వేసిందనీ, పిల్ల మెదడుకి ఏమైనా అయితే ఆమెదే పూచీ అనీ అందులో ఉంది. కాన్పు గదిలో తోడుగా ఉన్న మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి కింద నా చేవ్రాలు కావాలట. ఈలోగా ఆస్పత్రివాళ్ళు ఆ నర్సు పిల్లని ఇంట్లో కూర్చోమన్నారు. నా సంతకం పడితే ఆ కూర్చోవడం కూర్చోవడమే.

ఆ పిల్లంటే నాకేమీ ప్రేమ లేదు. నోరు మంచిది కాదు. గదిలోకి వెళ్ళగానే నా చెప్పులు విప్పించింది, కొంగు దోపించింది, నేను హిమబిందు నుదుట విబూది పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. "మామ్మా, మీరు తల దగ్గర నిలబడి పిల్లకి ధైర్యం సెప్పండి. మీ బయ్యం దానికి అంటించకండి" అంది. అందరి ముందూ అంది. నాకు ఒళ్ళు మండింది. అయినా చూసింది చూసినట్టు చెబుతాను.

పిల్ల బయటికి వచ్చింది. ఏడవలేదు. తడిబట్టలా వేలాడింది బావా. కాళ్ళూ చేతులూ జారిపోయి, ఒళ్ళంతా నేరేడుపండు రంగు. అప్పుడు నా కళ్ళ ముందు హిమబిందు లేదు, ఆస్పత్రి లేదు. మా ఊళ్ళో మంత్రసాని జోగమ్మ కనపడింది. బిడ్డ ఏడవకపోతే బొడ్డు కొయ్యకుండా మాయని నిప్పుల దగ్గర వెచ్చబెట్టేది, ఆ వేడి బొడ్డులోంచి బిడ్డలోకి పాకుతుందని. అప్పటికీ లేవకపోతే కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి కొట్టేది. కొందరు లేచారు, కొందరు లేవలేదు. "కొట్టండే, కొట్టండే" అని నేను అరిచాను. ఎవరూ నావైపు చూడలేదు. గజాలా పిల్లని వెచ్చటి దీపం కింద బల్ల మీద వేసి తువ్వాలుతో గబగబా తుడిచింది. ఆ తడి తువ్వాలు తీసి పారేసి పొడిది వేసింది. నోరు శుభ్రం చేసింది, వీపు రుద్దింది. పిల్ల కదల్లేదు. అప్పుడు చిన్న గిన్నెలాంటి ముసుగు ముక్కుకీ నోటికీ కప్పి, దానికి తగిలించిన రబ్బరు బుడ్డిని పిసకడం మొదలుపెట్టింది.

గోడకి ఆక్సిజన్ గొట్టం ఉంది. నాకు తెలుసు, నీ భార్యని కదా, అది చూడగానే గుర్తుపడతాను. దాని మర తిప్పలేదు. "ఆక్సిజనెట్టు, ఆక్సిజనెట్టు తల్లీ" అని నేను గోల. ఆమె తల తిప్పకుండా ఒక్క మాట అంది.

"గాలి సాలు మామ్మా."

గాలి చాలట. మన ఇంట్లో ఆ మాట ఎవరైనా అనగలరా బావా? నేను తలుపు తీసుకుని వసారాలోకి వచ్చి నీకు చేతులు ఊపాను. నా పెదాలు చూసి నీకు అర్థమైంది. ఆటోలో కూర్మన్నపాలెం నుంచి తెచ్చిన మన సిలిండరు ఈడ్చుకుంటూ వచ్చావు. నేను ముందు లోపలికి పరిగెత్తాను. నువ్వు గుమ్మం దాకా వచ్చేసరికి ఆయా తలుపు మూసింది. గజాలాయే ముయ్యమంది, అబద్ధం చెప్పను. నీ సిలిండరు తలుపుకి ఠంగుమని కొట్టుకుంది. నేను లోపల ఉండిపోయాను, నువ్వు బయట ఉండిపోయావు.

ఆ తర్వాత జరిగింది నీకు తెలియదు. ఆమె బుడ్డి పిసుకుతూ మెల్లగా లెక్క పాడుతున్నట్టు ఏదో అంటోంది. పిసికినప్పుడల్లా పిల్ల రొమ్ము పొంగుతోంది, వదిలితే దిగుతోంది. పక్కన ఇంకో ఆమె గొట్టం పెట్టి గుండె వింటూ "పెరుగుతోంది" అంది. గజాలా చేతులు వణకలేదు. మెడ మీద మాత్రం చెమట ధారగా దిగింది. పిల్ల పెదాల దగ్గర ముందు రంగు మారింది. పొయ్యిలో బూడిద కింద నిప్పు కనపడినట్టు. కాలు ముడిచింది. మొహం చిట్లించింది. ఇంత పెద్ద కేక వేసింది. అందరూ నవ్వారు. నేను గోడకి జారబడి ఏడ్చాను.

తలుపు మూయడం నువ్వు చూశావు. పిల్ల కేక నీకు వినపడలేదు. ఆయా వచ్చి చెయ్యూపి మంచి కబురు చెప్పేదాకా నువ్వు ఆ తలుపు ముందే నిలబడి ఉన్నావట. నీ కోపం ఇంకా అక్కడే నిలబడి ఉందని నాకు అర్థమైంది. అందుకే తిట్టడం లేదు. కానీ సంతకం పెట్టను.

చేపలమ్మ వస్తే కానగంతలు తీసుకో, ముళ్ళు తక్కువ. ఒక్కడివే తినేటప్పుడు గొంతులో ముల్లు గుచ్చుకుంటే ఎవరూ లేరు.

ఇట్లు,
నీ మాట విననిది,
సన్యాసమ్మ

*

బావకి,

నువ్వు జవాబు పంపలేదు. ఫోనులో నా కాగితం చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయని హిమబిందు చెప్పింది. చూశావు కాబట్టి బతికే ఉన్నావని ధైర్యం తెచ్చుకున్నాను. ఈ ఉత్తరం మాత్రం ఫోటో తీయించడం లేదు. కవరులో పెట్టి, నీ పేరు శ్రీరామ్మూర్తి అని నా చేతులతో రాసి, నేనే పోస్టాఫీసుకి పోయి వేస్తాను. ఇందులో మన పెద్దబ్బాయి తిరుమలరావు సంగతి ఉంది. అది కూతురు చదవక్కర్లేదు. బాలింతరాలు, పాలు ఎండిపోతాయి.

నిన్న శ్రీనివాసరావు అన్నయ్యగారు వచ్చారు. సోఫాలో కూర్చుని కాఫీ తాగి, కాగితం టీపాయి మీద పరిచి, పెన్ను మూత తీసి నా చేతికిచ్చారు. ఆయనకి మంచి మర్యాద ఉంది, అన్నీ తీసి ఇస్తారు. ఆక్సిజన్ ఉండి కూడా పెట్టలేదంటే కేసు గట్టిగా నిలబడుతుందనీ, రేపు పిల్ల నడక ఆలస్యమైనా, మాట ఆలస్యమైనా అప్పుడు ఏడ్చి లాభం లేదనీ చెప్పారు. ఆయన వచ్చే ముందే నేను పిల్ల కళ్ళ ముందు గిలక్కాయ ఊపి చూశాను, చెవి దగ్గర చిటికె వేసి చూశాను. భయపడడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేను పెన్ను పక్కన పెట్టేసరికి ఆయన మాట మారింది. "అయినా ఆ పాతూరి సాయిబుల పిల్ల కోసం నీకెందుకు సెల్లెమ్మా ఇంత పట్టుదల?" అన్నారు.

నాకు నోరు లేదని మీరందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

"అన్నయ్యగారూ, మీ మనవరాలికి తొలి ఊపిరి ఎట్టింది ఆ సాయిబుల పిల్లే. తీసి తిరిగిచ్చేద్దావా ఏటి?" అన్నాను.

అల్లుడు సాయిశంకర్ నవ్వాపుకోలేక పొలమారినట్టు దగ్గుతూ వంటింట్లోకి వెళ్ళిపోయాడు. అన్నయ్యగారు లేచి, ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ ముందర శుక్రవారం మాట్లాడదాం అని చెప్పి వెళ్ళారు. నిన్ను కూడా రమ్మని కబురు పంపుతామన్నారు. పంపే ఉంటారు.

అంత మాట అన్నాను గానీ ఆయన వెళ్ళాక భయం పట్టుకుంది. పిల్లకి నిజంగా ఏమైనా అయితే? అందుకని పిల్లని చూపించడానికి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరుని పట్టుకున్నాను. అడిగిందే అడిగాను. పాపం విసుక్కోలేదు. నెలలు నిండి పుట్టిన పిల్ల ఏడవకపోతే మొదట కావాల్సింది ఊపిరితిత్తులు విచ్చుకోవడమట. కడుపులో ఉన్నన్నాళ్ళూ వాటినిండా నీళ్ళే. ఆ నీళ్ళని నెట్టి లోపలికి గాలి పోవాలి. బుడ్డితో చేసింది అదే. అందరం పీల్చే మామూలు గాలితోనే మొదలుపెట్టాలనీ, వట్టి ఆక్సిజన్ ఒక్కసారిగా పెడితే మేలు కన్నా కీడు ఉందని తేలాక ఇప్పుడు అన్నిచోట్లా ఇదే పద్ధతి అనీ చెప్పాడు. కడుపులో బిడ్డ తక్కువ ఆక్సిజన్‌తోనే బతుకుతుందట. బాగా ఏడ్చిన బిడ్డ కూడా పుట్టగానే గులాబీ రంగులోకి రాదట, మెల్లమెల్లగా వస్తుందట. మరి ఆ గొట్టం ఎందుకు అని అడిగాను. గాలి ఊదుతున్నా గుండె పుంజుకోకపోతే అప్పుడు తిప్పుతారు, నెలలు నిండనివాళ్ళకి కొంచెం కలుపుతారు, ఎక్కువైతే ఆ చిన్నపిల్లల కళ్ళు పోతాయి అన్నాడు. మన పిల్ల మెదడు మాటేమిటని అడిగాను. తొందరగానే ఏడ్చింది, పాలు బాగా తాగుతోంది, భయపడాల్సిన గుర్తులేవీ లేవు, నెలనెలా తీసుకురండి చూస్తాను అన్నాడు. ఏమీ కాదని ఒట్టు వెయ్యమన్నాను. డాక్టర్లు ఒట్లు వెయ్యరట.

ఇంటికొచ్చి ఆలోచిస్తే నాకు ఊదుగొట్టం గుర్తొచ్చింది. వానాకాలం పొయ్యి ఆరిపోతే మా అమ్మ కిరసనాయిలు గుమ్మరించేది కాదు. వంగి ఊదేది. నువ్వే చెప్పలేదా బావా, ప్లాంటులో కొత్తవాళ్ళకి చెప్పినట్టు నాకూ చెప్పేవాడివి. నూనె చేత్తో ఆక్సిజన్ వాల్వు ముట్టుకోకు, భగ్గుమంటుంది, ఆక్సిజన్ తగిలితే ఇనుము కూడా వెన్నలా తెగుతుంది అని. ఇనుముని కోసేదాన్ని పసిగుడ్డు ముక్కులో పెట్టడానికి నీకెలా చేతులొచ్చాయి?

ఎలా వచ్చాయో నాకు తెలుసు.

ఆ కరోనా ఏడాది మన ప్లాంటు నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి వేరే రాష్ట్రాలకి వెళ్ళాయి. రిటైరై ఇంట్లో ఉన్నా నువ్వు మేడెక్కి ఆ వైపు చూస్తూ నిలబడ్డావు. మా చేతుల మీద తయారైంది అని వీధంతా చెప్పావు. ఆ వేసవిలోనే తిరుమలరావు కారు వెనక సీట్లో నీ ఒళ్ళో తల పెట్టుకుని, ఒక ఆస్పత్రి దగ్గర నుంచి ఇంకో ఆస్పత్రి దగ్గరికి తిరుగుతూ తిరుగుతూ వెళ్ళిపోయాడు. ఊరంతా అలాగే ఉంది అప్పుడు, ఎవరినీ అనడానికి లేదు. వాడి దినాలు అయ్యాక నువ్వు ఈ సిలిండరు కొనుక్కొచ్చావు. మంచం కింద పెట్టావు. దాని వాల్వు తిప్పే తాళం నీ మొలతాడుకి కట్టుకున్నావు. స్నానానికి వెళ్ళినా తియ్యవు. నేను ఒక్కనాడు కూడా ఎందుకని అడగలేదు. ఎవరికైనా ఆయాసం వస్తే ఇచ్చి పంపావా అంటే అదీ లేదు. వచ్చేవాడెవడో వస్తాడన్నట్టు దాచావు.

ఇప్పుడు అసలు మాట రాస్తాను. కూర్చుని చదువు.

పోయిన వానాకాలంలో మంచం కింద చప్పుడు వస్తోందని నేను నీతో చెప్పాను. సన్నగా, బుస్సుమని. పాము అనుకున్నాను. నువ్వు కర్ర పెట్టి చూసి ఏమీ లేదన్నావు. గ్యాసు పొయ్యి అనుకుని కుర్రాణ్ణి పిలిపించి ట్యూబు మార్పించాను. అయినా వచ్చేది. నీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. "నీకు రోజూ ఏదో సప్పుడే. నీ బుర్రలో కంప్రెసరుందే" అని నవ్వావు. కొన్నాళ్ళకి ఆ చప్పుడు ఆగిపోయింది. పోనీలే, పాము పోయింది అనుకున్నాను.

నువ్వు కోపంలో సిలిండరు ఆస్పత్రిలోనే వదిలేసి వెళ్ళావు కదా, అల్లుడు ఇంటికి తెచ్చాడు. హిమబిందు మంచం పక్కనే ఉంది. పిల్ల నిద్రపోయేటప్పుడు నేను దాన్ని చూస్తూ కూర్చుంటాను. చూస్తూ చూస్తూ ఉంటే ఆ పాము ఏదో నాకు తెలిసింది. నిజమో నా పిరికితనమో నాకే తెలియదు. తాళం నీ దగ్గరుంది.

అందుకని పందెం బావా. శుక్రవారం ఆస్పత్రికి రా. నేను సిలిండరు తెప్పిస్తాను, నువ్వు తాళం తే. అందరి ముందూ తిప్పు. ఆక్సిజన్ వచ్చిందా, ఆ కాగితం మీద నువ్వు చూపించిన చోట సంతకం పెడతాను. రాలేదా, ఆ పిల్ల తప్పు ఏమీ లేదని నువ్వు రాసివ్వు. నిండుగా ఉన్నా ఆ పిల్ల చేసింది సరైనదేనని డాక్టరు చెప్పాడు. కానీ నీకు డాక్టరు మాట ఎక్కదు, నా మాట అసలే ఎక్కదు. సిలిండరు మాట ఎక్కుతుంది. అందుకే దాన్ని సాక్షిగా పెట్టాను.

నేను ఓడిపోతే ఒక ఆడపిల్ల ఉద్యోగం నా చేతుల మీదుగా పోతుంది. ఆ భయంతో అన్నం దిగడం లేదు. అయినా వెనక్కి తీసుకోను.

ఇట్లు,
నీతో పందెం కట్టిన
సన్యాసమ్మ

*

గజాలా తల్లికి,

నన్ను గుర్తుపట్టావో లేదో. కాన్పు గదిలో ఆక్సిజన్ ఆక్సిజన్ అని నీ చెవిలో అరిచిన ముసలమ్మని. నీ ఫోను నంబరు ఆస్పత్రిలో ఇవ్వలేదు. పూర్ణా మార్కెట్లో మీ నాన్న అబ్దుల్ హమీద్ గారి గాజుల కొట్టు ఉందని ఆయా చెప్పింది. అల్లుడి చేత ఈ ఉత్తరం అక్కడికి పంపుతున్నాను. మా ఆయనకి చెవులు పనిచెయ్యవు కాబట్టి మా ఇంట్లో పెద్ద విషయాలన్నీ కాగితం మీదే. అదే అలవాటైపోయింది, ఏమీ అనుకోకు.

ఈ సరికి పెద్ద డాక్టరమ్మ నీకు ఫోను చేసే ఉంటుంది. ఫిర్యాదు లేదు, సోమవారం నుంచి డ్యూటీకి రమ్మని. కానీ ఎలా పోయిందో ఆవిడ చెప్పి ఉండదు. నీ గురించి జరిగిన మాటలు నీ వెనక జరిగాయి. నిన్ను పిలవలేదని నేను అక్కడే అడిగాను కూడా. పిలవలేదు కాబట్టి నేను రాయాలి.

ఆవిడ గదిలో శ్రీనివాసరావు అన్నయ్యగారు కాగితంతో కూర్చున్నారు. అల్లుడు కారులో సిలిండరు తెచ్చి గోడకి ఆనించాడు. మా ఆయన రాలేదు. పందెం సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన పరువు, చెప్పకపోతే నీ ఉద్యోగం. నేను కిటికీ దగ్గర నిలబడి మద్దిలపాలెం వైపు నుంచి వచ్చే ప్రతి ఆటోనీ చూశాను. అన్నయ్యగారు మళ్ళీ పెన్ను మూత తీశారు. నేను చేతులు కొంగులో చుట్టుకున్నాను. మా ఆయన రాకపోయినా పెట్టను అని మనసులో అనేసుకున్నాను. అప్పుడు తలుపు తోసుకుని వచ్చాడు.

గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నా ఉత్తరం జేబులో మడిచి ఉంది, కవరు అంచు కనపడుతోంది. ఎవరికీ నమస్కారం పెట్టలేదు. "సబ్బెక్కడుంది?" అని అడిగాడు. అందరూ మొహాలు చూసుకున్నారు. నాకు తెలుసు. పొద్దున్నే తలకి నూనె రాసుకుంటాడు. నూనె చేత్తో ఆ వాల్వు ముట్టుకోడు. చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, సిలిండరు కిటికీ దగ్గరికి జరిపి, మొలతాడులోంచి తాళం తీశాడు. దాన్ని అక్కడి నుంచి తీయగా నేను చూడడం అదే మొదటిసారి.

తాళం పెట్టి తిప్పాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నాకు వినపడలేదు అంటే ఎవరికీ వినపడనట్టే, నేను ఎలక నడిచినా వినే మనిషిని. ఆయనకి వినపడదు కదా, అందుకని అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఇంకొంచెం తిప్పాడు. మళ్ళీ అరచెయ్యి. వంగి బుగ్గ ఆనించి చూశాడు. ఆ ముసలి బుగ్గ ఆ ఇనుముకి ఆన్చుకుని ఎంతసేపు ఉన్నాడో. నాకు గెలిచానన్న సంతోషం రాలేదమ్మా. పరిగెత్తుకెళ్ళి దాంట్లో నేనే ఊదాలనిపించింది.

లేచి, వాల్వు మళ్ళీ కట్టేశాడు. ఖాళీదే అయినా పద్ధతి ప్రకారం బిగించి కట్టాడు.

"ఖాళీ" అన్నాడు.

తర్వాత నావైపు తిరిగాడు. చెవిటివాళ్ళకి మెల్లగా మాట్లాడడం రాదు. ఆ మాట బయట వసారాలో ఉన్నవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

"ఇది ఆరోజుంటే ఆడు బతికేవోడని ఇన్నాళ్ళూ అనుకున్నాను సన్యాసీ. నాను ఆడి కాడికీ ఖాళీదే మోసుకెల్దునేమో."

ఆడు అంటే మా పెద్దకొడుకు తిరుమలరావు. కరోనాలో పోయాడు. నీకు ఇంతకన్నా రాయను, నువ్వు ఊహించుకోగలవు. నీ తలుపు మీద కొట్టుకున్నది ఆ సిలిండరు ఒక్కటే కాదని తెలిస్తే చాలు.

అన్నయ్యగారు మాత్రం ఊరుకోలేదు. లాయర్లతో తిరిగిన మనిషి. సిలిండరు సంగతి వేరు బావగారూ, గోడకి గొట్టం ఉంది కదా, అదైనా తిప్పాలి కదా అన్నారు. డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది. మా ఆయన చెయ్యెత్తి ఆపి నన్ను అడిగాడు, "ఏటంటన్నాడు?" అని. నేను ఆయన మొహానికి ఎదురుగా నిలబడి ఆ మాట పెదాలతో చెప్పాను. ఒక్క అక్షరం మార్చలేదు, నీకు అనుకూలంగా కూడా మార్చలేదు.

"బావగారూ, మా ప్లాంటులో ఒకటే రూలు" అన్నాడు. "వాల్వు కాడ ఎవుడుంటే ఆడిదే మాట. బైట నిలబడ్డోడు తిప్పూ తిప్పూ అని కేకెయ్యకూడదు. కేకేత్తే పేణాలు పోతాయి. ఆ నర్సు గుంట వాల్వు కాడుంది. నాను బైటున్నాను."

అని ఆ ఫిర్యాదు తీసుకుని వెనకవైపు తిప్పి, నీ తప్పు ఏమీ లేదని రాసి, శ్రీరామ్మూర్తి అని సంతకం పెట్టాడు. పెన్ను మూత పెట్టి అన్నయ్యగారికి ఇచ్చాడు. నన్ను కూడా పెట్టమన్నాడు. నేను పెట్టాను. పందెం ప్రకారం నేను పెట్టక్కర్లేదు, అయినా పెట్టాను.

ఇంటికొచ్చాడు. పిల్లని ఆరోజు ఆస్పత్రిలో దూరం నుంచి చూసి వెళ్ళిపోయిన మనిషి, మళ్ళీ ఇప్పుడే చూడడం. పిల్ల హిమబిందు పక్కన నిద్రపోతోంది. ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు. నేల మీద మోకాళ్ళు వేసి కూర్చుని, ఆ కడిగిన అరచెయ్యే తీసుకెళ్ళి పిల్ల ముక్కు దగ్గర పెట్టాడు. నాకు మళ్ళీ భయం. ఆ ముక్కు ఎంత, ఆ ఊపిరి ఎంత, ఆ కాయలు కాచిన చేతికి తగులుతుందా అని. చాలాసేపు అలాగే ఉన్నాడు. హిమబిందు నా చెయ్యి పట్టుకుంది.

"వత్తంది" అన్నాడు.

ఇంతే తల్లీ జరిగింది. సిలిండరు కొన్నచోట ఇచ్చేస్తానన్నాడు. తాళం ఏం చేస్తాడో నేను అడగలేదు. మొలతాడు ఖాళీగా ఉంటే కొత్తగా ఉంటుంది పాపం.

నేను నీకు క్షమాపణ చెప్పడానికి రాయలేదు. నువ్వు నా విబూది చెయ్యి పట్టుకున్నావు, అది నేను మరిచిపోలేదు. అందరి ముందూ నా భయాన్ని అన్నావు. ఆ భయంతోనే నీ కోసం అంతమంది మగాళ్ళ ముందు నిలబడ్డాను, అది నువ్వూ మరిచిపోకు. సోమవారం తలెత్తుకుని వెళ్ళు. ఇంకే ముసలిదైనా నీ వెనక నిలబడి అరిస్తే అరవనీ. నీ చేతులు ఆపకు. తలుపు ముయ్యాల్సి వస్తే ముయ్యి.

ఒక్క సంగతి అడుగుతాను, నిజం చెప్పాలి. పాలు తాగాక పిల్లకి ఎక్కిళ్ళు ఇంకా వస్తున్నాయి. డాక్టరు మంచివే అంటున్నాడు, మా అమ్మాయి మంచివే అంటోంది. నాకు వాళ్ళ మాట చాలదు. నువ్వు చాలంటే చాలు.

ఇట్లు,
నీతో పోట్లాడిన మామ్మ,
సన్యాసమ్మ